పాత ట్రాక్టర్లు, ప్రొపేన్, ఇతర ఇంధనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడి ఊరి బయట కాస్త పొలం కొనుక్కున్న మనవాళ్లకు ఏదో ఒక వేలంలో ముందు భాగాన పెద్ద ఉక్కు ట్యాంకు ఉన్న పాత ట్రాక్టర్ తారసపడుతుంది. ధర తక్కువ, రంగు బాగుంది, వంటగ్యాస్ జాతికి చెందిన ప్రొపేన్‌తో నడుస్తుందంటారు. దాని వీడియో ఊరికి చేరగానే అక్కడి నుంచి మరో ప్రశ్న వస్తుంది: మన ట్రాక్టర్‌కూ సిలిండర్ బిగించవచ్చా అని. ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల జవాబులను ఒక చోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

ప్రొపేన్ ట్రాక్టర్లను కంపెనీలే తయారు చేశాయా, తర్వాత ఎవరో మార్చినవా?

రెండు రకాలూ ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచే ప్రొపేన్ ట్రాక్టర్‌ను మొదట అమ్మింది మినియాపోలిస్-మోలిన్, 1941లో. యుద్ధం ముగిశాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. జాన్ డీర్ 60, 70, 620, 720, ఆ తర్వాత 4020. ఫార్మాల్ 400, 450, 560. ఆలిస్-చామర్స్ డి17 వంటివన్నీ ప్రొపేన్ రూపంలో వచ్చాయి. టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ ప్రాంతాల్లో వీటికి గిరాకీ ఎక్కువ. చమురు, సహజవాయువు శుద్ధి చేసేటప్పుడు ప్రొపేన్ ఎలాగూ మిగిలేది కనుక అక్కడ అది కారుచౌక. డీజిల్ ఇంజన్లు మెరుగుపడేకొద్దీ గిరాకీ తగ్గి, 1970ల ఆరంభానికి వీటి తయారీ దాదాపు ఆగిపోయింది. ఇవి కాక పెట్రోలు బండికి ఎన్సైన్, సెంచరీ వంటి కంపెనీల కిట్లు కొని బిగించుకున్నవారూ చాలామంది.

చూస్తున్న బండి ఫ్యాక్టరీదో, కిట్ పెట్టినదో ఎలా తెలుస్తుంది?

ట్యాంకు చూసి నిర్ణయానికి రావద్దు, ట్యాంకు ఎవరైనా బిగించగలరు. ఇంజన్ పక్కకు వెళ్లి మ్యానిఫోల్డు చూడండి. పెట్రోలు ఆవిరి కావడానికి వేడి కావాలి కాబట్టి ఆ బండ్లలో లోపలికి గాలి తీసుకునే గొట్టం, పొగ గొట్టం ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ప్రొపేన్ అప్పటికే ఆవిరి. దానికి చల్లని గాలే మేలు. అందుకే ఫ్యాక్టరీ ప్రొపేన్ ఇంజన్‌లో ఈ రెండింటినీ విడదీసి ఉంచుతారు. ఆ తర్వాత సీరియల్ ప్లేటు మీద అంకెలను విడిభాగాల పుస్తకంతో సరిచూసుకోండి. పిస్టన్లు, హెడ్ మార్చారో లేదో అమ్మేవారికి కూడా తెలియకపోవచ్చు. కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) గేజి పెట్టి కొలిస్తే కొంత తేలుతుంది.

ప్రొపేన్ ఇంజన్‌కు కంప్రెషన్ ఎక్కువ ఎందుకు?

ప్రొపేన్ ఆక్టేన్ 100 పైనే. ఆనాటి పల్లెటూరి పెట్రోలు దానికి చాలా దిగువన ఉండేది. ఆక్టేన్ ఎక్కువైతే మిశ్రమాన్ని మరింత గట్టిగా నొక్కినా ఇంజన్ టకటకమని కొట్టుకోదు. పెట్రోలు ట్రాక్టర్లలో 6 చుట్టూ ఉండే కంప్రెషన్ నిష్పత్తిని ప్రొపేన్ రూపాల్లో 7 నుంచి 9 దాకా తీసుకువెళ్లగలిగారు. ఇంజన్ పిండుకునే శక్తి అక్కడే పెరిగింది.

ఏ ఇంధనపు బండి ఎక్కువ శక్తినిస్తుంది? ఎక్కడ సరిచూసుకోవాలి?

అమ్మేవారి మాటకన్నా నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరీక్ష నివేదికలు నమ్మదగినవి. 1919లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం 1920 నుంచి లింకన్ నగరంలో ట్రాక్టర్లను పరీక్షిస్తున్నారు. జాన్ డీర్ 70ని పెట్రోలు, ఆల్-ఫ్యూయల్, ప్రొపేన్, డీజిల్ అని నాలుగు రూపాల్లోనూ అక్కడ పరీక్షించారు. ఒకే బండి, నాలుగు ఇంధనాలు: ఇంతకన్నా నిజాయితీ గల పోలిక దొరకదు. కిరోసిన్ జాతి నూనెలు తాగే ఆల్-ఫ్యూయల్ బండి అన్నిటికన్నా బలహీనం, ప్రొపేన్ బండి పెట్రోలుకు ఏ మాత్రం తీసిపోలేదు, ఇంధనం పొదుపులో డీజిల్ అందరినీ ఓడించింది. ప్రొపేన్ ఎందుకు కనుమరుగైందో ఆ చివరి ఫలితమే చెబుతుంది.

ట్యాంకు తుప్పు పట్టి ఉంది. తోమి రంగు వేస్తే సరిపోతుందా?

ముందు దాని మీద ఉన్న పేరు పలక చదవండి. ఆ ట్యాంకు పీడన పాత్రల ప్రమాణం ప్రకారం తయారైందని చెప్పేది ఆ పలకే. చదవడానికి వీల్లేకుండా పోతే అమెరికాలో నియమం తెలిసిన డీలరు ఎవరూ అందులో గ్యాస్ నింపరు. పలక మీద రంగు పూసేయడం చాలామంది చేసే పని, దయచేసి చేయకండి. పైపై తుప్పు పెద్ద సమస్య కాదు. గుంటలు పడినా, సొట్ట ఉన్నా, ఎవరో వెల్డింగ్ చేసిన గుర్తు కనిపించినా బేరం ఆపేయండి. బయట కనిపించే భద్రతా వాల్వు అసలుదే అయితే వయసు లెక్క చూడకుండా కొత్తది వేయించాలి.

## మార్చాలా, వద్దా?

నా పెట్రోలు ట్రాక్టర్‌ను ప్రొపేన్‌కు మారిస్తే ఖర్చు తగ్గుతుందా?

చాలామందికి తగ్గదు. లీటరు పెట్రోలులో సుమారు 33 మెగాజూళ్ల శక్తి ఉంటే లీటరు ప్రొపేన్‌లో 25 చుట్టూ ఉంటుంది. అంటే అదే పనికి పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ లీటర్లు తాగుతుంది. లీటరు ధర అంతకన్నా తక్కువగా దొరికితేనే మిగులు మొదలవుతుంది. అది కూడా కిట్, ట్యాంకు, మెకానిక్ కూలి తిరిగి వచ్చాక. ఏడాదికి నాలుగు సార్లు గడ్డి కోసి, ఒకసారి ఊరేగింపులో తిప్పే బండికి ఆ రోజు ఎప్పటికీ రాదు. ప్రొపేన్‌తోనే పుట్టిన బండిని అలాగే ఉంచుకోండి, పెట్రోలుతో పుట్టినదాన్ని పెట్రోలుతోనే నడపండి అన్నది నా అభిప్రాయం. ఇంట్లో వేడి కోసం ఎలాగూ పెద్ద ప్రొపేన్ ట్యాంకు ఉండి, పెట్రోలు నిల్వ పాడైపోతోందని విసిగిపోయినవారి సంగతి వేరు. ప్రొపేన్ ఏళ్ల తరబడి ట్యాంకులో ఉన్నా చెడదు, కార్బురేటర్‌లో జిగురు కట్టదు.

కంప్రెషన్ మార్చకుండా కిట్ మాత్రమే పెడితే?

నడుస్తుంది, కానీ నాగలి వేసినప్పుడు లోటు తెలుస్తుంది. ప్రొపేన్ ఆవిరి ఇంజన్ సిలిండర్‌లో కొంత గాలి చోటును తినేస్తుంది. పైగా పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కలిగే చల్లదనం కూడా ఉండదు. ఎత్తు ఎక్కువ ఉన్న పిస్టన్లు వేయించడమో, హెడ్‌ను కొంత చెక్కించడమో చేస్తేనే పోయిన శక్తి తిరిగి వస్తుంది.

కిట్‌లో ఏమేమి ఉంటాయి? ఏది ఏం చేస్తుంది?

ట్యాంకులో ప్రొపేన్ పీడనం కింద ద్రవంగా ఉంటుంది. మామూలు గాలి పీడనంలో అది మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది, ఆవిరైతే దాదాపు 270 రెట్లు విస్తరిస్తుంది. ట్యాంకు నుంచి ద్రవం ముందు ఫిల్టర్‌కు, అక్కడి నుంచి ఇంజన్ ఆగితే దానంతట అదే మూసుకునే వాల్వుకు వస్తుంది. తర్వాత కన్వర్టర్. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కన్వర్టర్ రేడియేటర్ నీటి నుంచి తీసుకుంటుంది, పీడనాన్ని కూడా అక్కడే తగ్గిస్తుంది. చివర మిక్సర్ లేదా గ్యాస్ కార్బురేటర్ ఆ ఆవిరిని గాలితో కలుపుతుంది. పాత కన్వర్టర్లలో రబ్బరు పొరలు గట్టిపడి పగిలి ఉంటాయి. బండి నడవడం లేదని అమ్మేసినవాటిలో చాలా వాటి జబ్బు ఆ పొరలే.

ప్లగ్గులు, టైమింగ్, వాల్వుల సంగతేమిటి?

పొడి ఆవిరిని అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే ప్లగ్గు గ్యాప్ తగ్గిస్తారు, అర మిల్లీమీటరు దగ్గర మొదలుపెట్టడం మామూలు. వేడి తక్కువ పట్టే ప్లగ్గులు వేయాలి. టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) కూడా తిరిగి సరిచేయాలి. కాయిల్, వైర్లు నీరసంగా ఉంటే పెట్రోలు మీద బయటపడని లోపం ప్రొపేన్ మీద వెంటనే బయటపడుతుంది.

ఖరీదైన విషయం వాల్వులది. పాత పెట్రోలులో ఉండే సీసం వాల్వు, సీటు మధ్య పల్చని పొరగా పేరుకుని అరుగుదలను ఆపేది. ప్రొపేన్‌లో సీసం లేదు, పొర లేదు. బరువు పని చేస్తూ పోతే ఎగ్జాస్ట్ వాల్వు సీటులోకి దిగబడిపోతుంది. ఫ్యాక్టరీ ప్రొపేన్ ఇంజన్లలో గట్టి లోహపు సీట్లు, వాల్వులు వేసేవారు. మీరు మార్చదలిస్తే హెడ్ విప్పినప్పుడే ఆ పని కూడా చేయించండి.

పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యి సిలిండర్ పెట్టి నడపవచ్చా?

వద్దు. ఆ సిలిండర్ పైనుంచి ఆవిరిని మాత్రమే ఇస్తుంది. ట్రాక్టర్ ఇంజన్ లాగే వేగానికి లోపలి ద్రవం చల్లబడి, సిలిండర్ బయట మంచు పట్టి, పీడనం పడిపోయి బండి ఆగిపోతుంది. ద్రవం కావాలని తలకిందులుగా కట్టినవారు కూడా ఉన్నారు. అలా కడితే భద్రతా వాల్వు ద్రవంలో మునిగి ఉంటుంది, తెరుచుకుంటే ఆవిరికి బదులు ద్రవమే చిమ్ముతుంది.

## నింపడం, నిలపడం

ట్యాంకును 80 శాతమే నింపాలంటారు. మిగతా చోటు వృథా కాదా?

ఆ ఖాళీ ఉంటేనే మీరు క్షేమం. ద్రవ ప్రొపేన్ ఎండకు గణనీయంగా ఉబ్బుతుంది. నిండుగా ఉన్న ట్యాంకులో ఉబ్బడానికి చోటు లేకపోతే పీడనం ఒక్కసారిగా పెరిగి భద్రతా వాల్వు తెరుచుకుంటుంది, గ్యాస్ బయటికి చిమ్ముతుంది. ట్యాంకు మీద ఉండే చిన్న మర వదులు చేసి నింపుతారు. అందులోంచి తెల్లని ద్రవపు తుంపర రాగానే 80 శాతం అయిందని అర్థం. గేజి ముల్లు పాతబడి అబద్ధం చెప్పవచ్చు, ఆ మర చెప్పదు.

డీలరు నా ట్రాక్టర్‌కు గ్యాస్ నింపనంటున్నాడు. ఎందుకు?

అతని దగ్గర సిలిండర్లు నింపే సరంజామా మాత్రమే ఉండవచ్చు. పాత ట్రాక్టర్ ట్యాంకులకు చాలా వాటికి రెండు గొట్టాలు కావాలి: ద్రవం లోపలికి, ఆవిరి వెనక్కి. పట్నం డీలరుకన్నా పొలాలకు గ్యాస్ తెచ్చే గ్రామీణ డీలరును అడగండి. బండి తీసుకువెళ్లే ముందు పేరు పలక, వాల్వుల ఫోటోలు పంపితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

షెడ్డులో నిలపవచ్చా?

నాలుగు వైపులా మూసిన షెడ్డులో వద్దు. ప్రొపేన్ ఆవిరి గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలబారుగా పాకి గుంటలో, నేలమాళిగలో, కాలువలో చేరుతుంది. గాలిలో 2 నుంచి 9 శాతం దాకా ఉంటే చాలు, ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. గ్యాస్ గీజరులో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంట ఉన్న గదిలో పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. నిలిపే ముందు ట్యాంకు వాల్వు మూసి, గొట్టాల్లో మిగిలిన గ్యాస్ అయిపోయి ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపండి. ఈ అలవాటు ఉన్నవారి బండ్లలో లీకు ప్రమాదాలు తక్కువ.

లీకు ఎలా కనిపెట్టాలి?

ప్రొపేన్‌కు స్వతహాగా వాసన లేదు. గుర్తుపట్టడానికి దుర్గంధం ఉన్న మెర్కాప్టన్ కలుపుతారు. లోపల తుప్పు పట్టిన పాత ట్యాంకులో ఆ వాసన తగ్గిపోయే అవకాశం ఉంది, ముక్కును పూర్తిగా నమ్మకండి. ప్రతి అతుకు మీదా సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

## నడిపేటప్పుడు

చలికాలంలో స్టార్ట్ కావడం లేదు. ఏం చేయాలి?

ట్యాంకుకు రెండు వాల్వులు ఉంటాయి, ఒకటి ఆవిరికి, ఒకటి ద్రవానికి. చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్‌లో వేడి నీరు లేదు కాబట్టి ద్రవాన్ని ఆవిరి చేయలేదు. ఆవిరి వాల్వు తెరిచి స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక ద్రవం వాల్వు తెరిచి మొదటిది మూయాలి. కొత్తవారు నేరుగా ద్రవం వాల్వు తిప్పి, బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొడుతూ కూర్చుంటారు.

నడుస్తుండగా కన్వర్టర్ మీద మంచు పడుతోంది. ప్రమాదమా?

ప్రమాదం కాదు, సూచన. కన్వర్టర్‌కు వేడి నీరు సరిగా చేరడం లేదు. రేడియేటర్‌లో నీరు తగ్గడం, గొట్టం మూసుకుపోవడం, థర్మోస్టాట్ తీసేసి ఉండడం, ఈ వరుసలో వెతకండి.

ఇంజన్ ఆయిల్ ఎన్నాళ్లయినా నల్లబడలేదు. మార్చకపోయినా ఫరవాలేదా?

ప్రొపేన్ పొడిగా మండుతుంది, మసి తక్కువ, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేయదు. అందుకే ఆయిల్ తేనె రంగులోనే ఉంటుంది. అయినా అందులో తేమ, ఆమ్లాలు చేరుతూనే ఉంటాయి. రంగు చూసి కాక గంటలు లెక్కపెట్టి మార్చండి.

## కిరోసిన్ నుంచి కట్టెల దాకా

ఆల్-ఫ్యూయల్ ట్రాక్టర్ అంటే ఏది పోసినా నడుస్తుందా?

పేరు అలా ఉంది కానీ కాదు. 1920ల నుంచి 1950ల దాకా అమెరికాలో కిరోసిన్, డిస్టిలేట్ అనే ముతక నూనెలు పెట్రోలుకన్నా చవక. వాటి కోసం కంప్రెషన్ తగ్గించిన ఇంజన్లు చేశారు. చిన్న ట్యాంకులో పెట్రోలు, పెద్ద ట్యాంకులో కిరోసిన్. పెట్రోలుతో స్టార్ట్ చేసి, బాగా వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు రావాలి, లేకపోతే మర్నాడు ఎంత తిప్పినా లేవదు. వేడి తగ్గకుండా రేడియేటర్ ముందు తెర కూడా ఉండేది. ఆవిరి కాని కిరోసిన్ కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది, అందుకే ఆయిల్ మట్టాన్ని రోజూ చూసేవారు. మట్టం తగ్గకపోగా పెరిగితే అందులో కిరోసిన్ చేరిందన్నమాట.

ఈ వేడి గొడవకు అందరికన్నా వింత పరిష్కారం రూమ్లీ కంపెనీ ఆయిల్‌పుల్ ట్రాక్టర్లది. నీరు 100 డిగ్రీల వద్ద మరిగిపోతుంది, కిరోసిన్‌కేమో ఇంజన్ ఇంకా వేడిగా ఉండాలి. అందుకని రేడియేటర్‌లో నీటికి బదులు నూనె పోశారు. ముందు భాగంలో గోపురంలా కనిపించేది ఆ నూనెను చల్లబరిచే పెట్టె.

ఇంగ్లండ్ ఫెర్గూసన్ మీద టీవీఓ అని రాసి ఉంది. ఇప్పుడు అది దొరుకుతుందా?

టీవీఓ బ్రిటన్‌లో ట్రాక్టర్ల కోసమే అమ్మిన కిరోసిన్ జాతి ఇంధనం. పన్ను తక్కువ కాబట్టి రైతులు వాడారు. చిన్న బూడిదరంగు ఫెర్గూసన్ టీఈ20కి టీవీఓ రూపం ఉంది, ఫోర్డ్‌సన్‌లకూ ఉంది. 1970లలో అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు అక్కడి ఔత్సాహికులు ఇంటి హీటరుకు వాడే కిరోసిన్‌లో కొంత పెట్రోలు కలిపి వాడుతున్నారు. తక్కువ నడిపేవారికి పెట్రోలు ఒక్కటే సులువు, తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు దానివల్ల హాని లేదు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత బండికి మంచిదేనా?

వారం వారం నడిపేదానికి అంత ఇబ్బంది లేదు, నెలల తరబడి నిలిపి ఉంచేదానికి మంచిది కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీటితో కలిసి ట్యాంకు అడుగున విడిపోతుంది. పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పాత కార్బురేటర్లలో ఇంధన మట్టాన్ని అదుపు చేస్తూ తేలే బెండు ఫ్లోటు ఉంటుంది, దాని మీద లక్క పూత. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పూత పోయిన బెండు ఇంధనం పీల్చి మునిగిపోతే కార్బురేటర్ పొంగిపొర్లుతుంది.

కట్టెల గ్యాస్‌తో ట్రాక్టర్ నడిచేదంటారు, నిజమేనా?

నిజం. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకని జర్మనీ, స్వీడన్ వంటి దేశాల్లో కార్లు, లారీలు, ట్రాక్టర్లు కూడా దీనితో నడిచాయి. చాలినంత గాలి ఇవ్వకుండా కట్టెను కాల్చితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. వాటిని చల్లబరిచి, తారు వడకట్టి ఇంజన్‌కు ఇస్తారు. ఆ గ్యాస్‌లో సగం దాకా మండని నైట్రోజనే ఉంటుంది కాబట్టి శక్తి మూడో వంతు నుంచి సగం వరకు పడిపోతుంది. లీటరు పెట్రోలు చేసే పనికి దాదాపు మూడు కిలోల ఎండు కట్టె కావాలి. ప్రదర్శనకు బాగుంటుంది. మూసిన చోట మాత్రం వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు.

ప్రొపేన్‌తో నడిచే విద్యుత్ ట్రాక్టర్ ఉండేదా?

ఉండేది, ఒక్కటే. 1959లో ఆలిస్-చామర్స్ కంపెనీ 1,008 ఫ్యూయల్ సెల్స్ (ఇంధనం నుంచి నేరుగా విద్యుత్తు తీసే సాధనాలు) అమర్చిన ట్రాక్టర్‌తో పొలం దున్ని చూపించింది. వాటికి ఇచ్చిన వాయు మిశ్రమంలో ఎక్కువ భాగం ప్రొపేనే. మంట లేదు, పిస్టన్ లేదు, వచ్చింది 20 అశ్వశక్తి. అమ్మకానికి రాలేదు. ఇప్పుడు అది స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

## మన ఊళ్లలో

మా నాన్నగారి పాత మాస్సీకి ఇంట్లో గ్యాస్ సిలిండర్ పెట్టి నడపవచ్చా?

రెండు కారణాల వల్ల కుదరదు. మొదటిది చట్టం. వంటకిచ్చిన 14.2 కిలోల సిలిండర్‌ను వాహనానికి వాడడం 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. రెండోది ఇంజన్. అమెరికాలో ప్రొపేన్‌కు మారినవి స్పార్క్ ప్లగ్గు ఉన్న పెట్రోలు ఇంజన్లు. మన పొలాల్లో ఉన్నవి దాదాపు అన్నీ డీజిల్. వాటికి ప్లగ్గు లేదు, కంప్రెషన్ చాలా ఎక్కువ. హెడ్, పిస్టన్లు, ఇగ్నిషన్ అన్నీ మార్చితే తప్ప ఒక్క గ్యాస్‌తో నడవవు. గాలి గొట్టంలోకి కొద్దిగా గ్యాస్ వదిలి మైలేజీ పెంచుతామనేవారు ఉన్నారు. కొలత తప్పితే పిస్టన్ కరుగుతుంది.

మరి సీఎన్‌జీ ట్రాక్టర్ అని వార్తల్లో వచ్చింది కదా?

వచ్చింది. డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చిన ట్రాక్టర్‌ను 2021 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఆవిష్కరించారు. అది నిపుణులు ఇంజన్‌ను మార్చి, అనుమతులు తీసుకుని చేసిన పని. దగ్గరలో సీఎన్‌జీ పంపు లేని ఊళ్లో దానివల్ల ఉపయోగం తక్కువ. సిలిండర్లు నింపించుకోవడానికి పోయి రావడంతోనే పొద్దుపోతుంది.

కానుగ నూనె డీజిల్‌లో కలిపి పోయవచ్చా?

గానుగ నుంచి వచ్చిన నూనెను అలాగే పోయకండి. 1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచిన మాట నిజమే, కానీ అది ఇప్పటి పంపులు, నాజిళ్లు ఉన్న ఇంజన్ కాదు. పచ్చి కానుగ నూనె డీజిల్‌కన్నా దాదాపు పది రెట్లు చిక్కన. నాజిల్ సరిగా పిచికారీ చేయలేక మసి గడ్డకడుతుంది, రింగులు బిగుసుకుపోతాయి. మిథనాల్‌తో రసాయన చర్య జరిపి బయోడీజిల్‌గా మార్చితే చిక్కదనం తగ్గి డీజిల్‌కు దగ్గరవుతుంది.

మన దగ్గర ఈ దారిలో పేరు తెచ్చుకున్న ఊరు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజల నూనె మిల్లు నడిపాయి. కానుగ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వారికి డబ్బు చెల్లించింది.

బయోడీజిల్ కొద్ది శాతమే కలిపినా పాత ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కడిగేస్తుంది. మొదటి ట్యాంకు అయ్యేలోపే ఫిల్టర్ మూసుకుపోవడం ఖాయం, ఒకటి అదనంగా కొని దగ్గర ఉంచుకోండి. రబ్బరు గొట్టాలు పాతవైతే ముందే మార్చండి.